దేవత కూలికెళ్ళిన కథ

హాస్య రచయితలకి మన సాహిత్యంలో గౌరవం ఉంది గానీ, హాస్యం మీద విమర్శ తక్కువ. చదివి నవ్వుకుంటాం, పదిమందికీ చెప్పి నవ్విస్తాం, అక్కడితో సరిపెడతాం. ఎందుకు నవ్వొచ్చింది, ఎవర్ని చూసి నవ్వాం అని అడగడం ఏదో పెళ్ళివిందులో లెక్కలు అడిగినట్టు ఉంటుంది. సినిమాల్లో హాస్యానికి ఆపాటి ఆదరణ కూడా లేదు. ఇక పిల్లలు చూసే జపాను బొమ్మల హాస్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా ఈ వ్యాసం అలాంటి ఒక బొమ్మల కథ గురించే. దాని పూర్తి పేరు 'కోనో సుబరాషీ సెకాయ్ ని షుకుఫుకు ఓ!' అంటే, 'ఈ అద్భుతమైన లోకానికి దీవెనలు!' అని. అంత పేరు పలకలేక అందరూ 'కోనోసుబా' అంటారు.

శాంటా క్లారాలో ఉండేవాళ్ళకి ఈ బొమ్మల సంబరం కొత్త కాదు. ఫానిమేకాన్ అనే యానిమే అభిమానుల సభ 2004లో శాన్ హోసేకి తరలక ముందు మా ఊరి కన్వెన్షన్ సెంటర్లోనే జరిగేది. నీలం జుట్టు పెట్టుకుని, అట్టకత్తి పట్టుకుని తిరిగే కుర్రకారుని చూస్తే, హాలోవీన్ ఇంకా రాలేదే అని ఎవరికైనా అనిపించేది. ఇప్పుడు ఆ కుర్రకారులో మన పిల్లలూ ఉన్నారు. ఈ బొమ్మల్ని ఇంటింటికీ చేర్చే క్రంచీరోల్ కూడా ఈ బే ఏరియాలోనే, బర్కిలీలో చదువుకున్న యువకుల చేతుల్లో 2006లో పుట్టింది. ఈ మధ్య అందులో కొన్ని తెలుగు డబ్బింగులు కూడా వస్తున్నాయి. కాబట్టి 'అది పిల్లల గోల, మనకెందుకులే' అని తప్పించుకునే వీలు ఇకమీద తక్కువ.

కోనోసుబా మూలకథ రాసినది నాట్సుమే అకాట్సుకి. 2012లో, ఔత్సాహిక రచయితలు తమ కథల్ని నేరుగా పాఠకుల ముందు పెట్టుకునే ఒక జపాను వేదికలో మొదలై, 2013 నుంచి 2020 దాకా 17 సంపుటాలుగా అచ్చయింది. తకావోమి కనసాకి దర్శకత్వంలో 2016 జనవరిలో 10 భాగాల యానిమేగా వచ్చింది. 2017లో మరో 10 భాగాలు, 2019లో ఒక సినిమా, 2024లో మూడో విడత వచ్చాయి.

ఈ కథ వెక్కిరించేది దేన్నో తెలియకపోతే ఇందులో రుచి సగమే తెలుస్తుంది. జపానులో 'ఇసెకాయ్' అని ఒక తరహా కథలున్నాయి. ఆ మాటకి 'వేరే లోకం' అని అర్థం. వాటికి దాదాపు ఒకటే అచ్చు. ఎవరికీ అక్కర్లేని ఒక కుర్రాడు ఏ లారీ కిందో పడి చనిపోతాడు. కళ్ళు తెరిచేసరికి కత్తులు, మంత్రాలు, రాక్షసరాజు ఉన్న ఇంకో లోకంలో ఉంటాడు. దేవుడో దేవతో జాలిపడి అతనికి ఎవరికీ లేని శక్తి ఒకటి ఇస్తారు. ఇక అక్కణ్ణించి అతనికి ఓటమి లేదు. ఆ లోకపు నియమాలు కూడా పురాణాల్లోంచి వచ్చినవి కావు, 1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' లాంటి వీడియో గేముల్లోంచి వచ్చినవి. చంపిన రాక్షసుణ్ణిబట్టి అనుభవం, అనుభవాన్నిబట్టి 'లెవెల్'. ఇంటర్మీడియెట్ ర్యాంకుల మీద పెరిగిన మన తరానికి ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

కోనోసుబా ఈ అచ్చుని మొదటి పది నిమిషాల్లోనే వంకర చేస్తుంది. కజుమా అనే కుర్రాడు బడి మానేసి, రాత్రింబవళ్ళు గేములాడుతూ ఇంట్లో కూర్చునే రకం. కొత్త గేము కొనుక్కోవడానికి బయటికొచ్చి, ఒక అమ్మాయి లారీ కింద పడబోతోందనుకుని ఆమెని తోసేసి చనిపోతాడు. పైలోకంలో ఆక్వా అనే దేవత అసలు సంగతి చెబుతుంది. వచ్చింది లారీ కాదు, నిమ్మళంగా నడుస్తున్న ట్రాక్టరు. అది ఎలాగూ ఆగేదే. ఇతను చనిపోయింది దెబ్బ తగిలి కాదు, తగిలిందనుకుని భయపడి. ఇది చెబుతూ ఆవిడ పగలబడి నవ్వుతుంది. తరవాత, వేరే లోకానికి వెళ్ళి రాక్షసరాజుని ఓడించాలంటే నీతో ఒక్కటి తీసుకెళ్ళవచ్చు, మహిమగల కత్తో మంత్రశక్తో కోరుకో, అంటుంది. అప్పటికే ఒళ్ళు మండి ఉన్న కజుమా ఆవిడ వైపే వేలు చూపించి, 'నువ్వే' అంటాడు. మాట అన్నాక తిరుగులేదు. ఆవిడ ఏడుస్తూ మొత్తుకుంటూ ఉండగానే ఆవిడ కుర్చీలోకి ఇంకొకరు వచ్చేస్తారు. రాక్షసరాజు ఓడాకనే మళ్ళీ ఇంటికి. అది ఎప్పుడో ఎవరికీ తెలియదు. గ్రీన్ కార్డు వరసలో ఉన్న పాఠకులకి ఈ 'ఎప్పుడో' కొంచెం తెలిసినట్టే ఉంటుంది.

ఇద్దరూ ఆక్సెల్ అనే ఊళ్ళో దిగుతారు. సాహసికుల సంఘంలో పేరు రాయించుకోవాలంటే రుసుము కట్టాలి, చేతిలో దమ్మిడీ లేదు. ఆక్వా ఒక ముసలి పూజారి దగ్గరికి వెళ్ళి తనే దేవతనని చెప్పి చెయ్యి చాస్తుంది. ఆయన ఇంకో దేవత భక్తుడు, జాలిపడి డబ్బిచ్చి పంపుతాడు. తీరా పేరు రాయించుకున్నా చేతికి పని రాదు. ఊరి గోడ కట్టేచోట ఇద్దరూ కూలికి కుదురుతారు. పగలు రాళ్ళు మోత, సాయంత్రం స్నానం, కడుపునిండా భోజనం, రాత్రి గుర్రాలశాలలో పడక. ఆక్వా గోడపూతలో మంచి నేర్పరి అనిపించుకుంటుంది. కొన్నాళ్ళు అలా హాయిగా గడిచాక కజుమాకి హఠాత్తుగా గుర్తొస్తుంది, తను ఈ లోకానికి వచ్చింది గోడ కట్టడానికి కాదని.

దేవుళ్ళని భూమ్మీదకి దించి ఆటపట్టించడం మనకి కొత్త కాదు. ఆ మాటకొస్తే జపానువాళ్ళకన్నా మనమే ముందు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళపు ఆంధ్రనాయకుణ్ణి శతకం పొడుగునా దెప్పిపొడిచాడు. తోలుబొమ్మలాటలో రామరావణుల మధ్య దూరి కేతిగాడూ బంగారక్కా ఎంత గోలైనా చేయవచ్చు. సినిమాల్లో 'దేవాంతకుడు' (1960), 'యమగోల' (1977), 'యముడికి మొగుడు' (1988), 'యమలీల' (1994) అని ఒక వంశవృక్షమే ఉంది. యమలోకాన్ని ఫైళ్ళు తప్పిపోయే, లెక్కలు తారుమారయ్యే ఒక ప్రభుత్వ కార్యాలయంగా చూడటం ఈ సినిమాలు మనకి నేర్పిన హాస్యం. 'యమగోల'లో రామారావు యమలోకంలోనే సమ్మె చేయిస్తాడు. ఆ ఆఫీసుకీ, కుర్చీలో కూర్చుని చచ్చినవాళ్ళని వరసగా పంపించే ఆక్వా ఆఫీసుకీ పెద్ద తేడా లేదు.

అయితే ఒకచోట మాత్రం దారులు విడిపోతాయి. మన సినిమాల్లో దేవుడు కిందకి వచ్చి చిక్కుపడటం చాలాసార్లు ఒక కాగితం పోవడం లాంటిదే. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990)లో ఇంద్రజ ఉంగరం పోగొట్టుకుంటుంది, అది లేనిదే స్వర్గంలోకి రానివ్వరు. 'యమలీల'లో యముడికి భవిష్యవాణి పుస్తకం పోతుంది. పాస్‌పోర్టు పోగొట్టుకున్న యాత్రికుల అవస్థే ఇది. కానీ ఆ కాగితం దొరికేదాకా వాళ్ళ తిండికి, పడకకి ఇబ్బంది లేదు. ఇంద్రజ తిరుగుతూ తిరుగుతూ కథానాయకుడి ఇంట్లో చేరుతుంది. సత్యనారాయణ యముడు ఐస్‌క్రీము తిని మురిసిపోతాడు, దాని ఖరీదు కోసం మర్నాడు ఎక్కడా మూటలు మోయడు. మన దేవుళ్ళు విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు. ఆక్వా అలా రాలేదు, డిపెండెంటుగా వచ్చింది. ఆ లోకంలో అన్నం తినాలంటే ఆవిడ కూలికి వెళ్ళాలి. కోనోసుబాలో అసలు తిరుగుబాటు నాకు ఇక్కడే కనిపించింది. దేవత తెలివితక్కువదని చూపించడం ఎవరైనా చేయగలరు. ఆవిడకి దినసరి కూలి ఎంతో లెక్కగట్టి చూపించిన కథని నేను ఇంకొకటి చూడలేదు.

కజుమాకి మన సాహిత్యంలో బంధువు ఎవరని వెతికితే సినిమా కథానాయకులెవరూ దొరకరు. వాళ్ళకి ఓడిపోవడం రాదు. అలీ లాంటి హాస్యనటుడు కథానాయకుడైన 'యమలీల'లో కూడా చివరికి కథ అతన్ని పెద్దవాణ్ణి చేసే తీరుతుంది. దగ్గరి బంధువు 1924లో మొదటి భాగం వచ్చిన మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టరు పార్వతీశం. మొగల్తూరు నుంచి సీమకి వేరే లోకంలోకి వెళ్ళినట్టే వెళ్ళి, దారిలో మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకున్న మహానుభావుడాయన. తెలుగులో ప్రవాస సాహిత్యానికి ఆయనే మూలపురుషుడని నా అభిప్రాయం. వలస వెళ్ళేవాడి మొదటి అనుభవం విజయం కాదు, పరువు పోవడమని ఆ పుస్తకం నవ్విస్తూ చెప్పింది. కజుమా కూడా ఆ టోపీ పెట్టుకున్నవాడే. కాకపోతే పార్వతీశం అమాయకుడు, ఇతను గడుసు. పార్వతీశానికి తను నవ్వులపాలవుతున్నట్టు తెలియదు. కజుమాకి ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది, అందుకే అంత కోపం.

ఇతనికి దొరికిన జట్టు కూడా చెప్పుకోదగ్గదే. మెగుమిన్ అనే అమ్మాయి మహా మాంత్రికురాలు, కానీ ఆమెకి వచ్చినది పేలుడు మంత్రం ఒక్కటే. అది కూడా రోజుకి ఒక్కసారే. అది ప్రయోగించగానే ఒళ్ళు కూలబడిపోతుంది, వీపు మీద మోసుకుని ఇంటికి తేవాలి. చిన్నచిన్న మంత్రాలు కూడా కాస్త నేర్చుకోవమ్మా అంటే ససేమిరా అంటుంది. ఒక్క ప్రోగ్రామింగ్ భాషనే ప్రాణంగా పట్టుకుని కూర్చునే మనుషుల్ని ఆఫీసుల్లో చూసినవాణ్ణి కాబట్టి ఆమె మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. డార్క్‌నెస్ అనే ఆవిడ యోధురాలు. ఎన్ని దెబ్బలైనా కాచుకుంటుంది, తను కొట్టిన ఒక్క దెబ్బా తగలదు. ఈ నలుగురూ రాక్షసరాజు సేనాపతిని ఓడిస్తే, వచ్చిన బహుమతి కంటే ఆ గొడవలో ఊరికి జరిగిన నష్టం ఖర్చు ఎక్కువవుతుంది. గెలిచినవాళ్ళకి అప్పు మిగులుతుంది. క్యాబేజీలు రెక్కలొచ్చి ఎగురుకుంటూ ఊరి మీదకి వచ్చినప్పుడు అందరూ వలలు వేసి పట్టి డబ్బు చేసుకుంటే, ఆక్వా పట్టినవి చాలావరకు లెట్యూస్ అని తేలుతుంది. లెట్యూస్‌కి ధర లేదు.

మామూలు ఇసెకాయ్ కథలో ఉండవలసిన అసలు కథానాయకుడు కూడా ఇందులో ఒక పక్కపాత్రగా వస్తాడు. మిత్సురుగి అందగాడు, నిజాయితీపరుడు, ఆక్వా స్వయంగా ఇచ్చిన మహిమగల కత్తి ఉన్నవాడు. దేవతని ఇలా చూస్తావా అని కజుమాని ద్వంద్వయుద్ధానికి పిలుస్తాడు. కజుమా తనకి వచ్చిన దొంగవిద్యతో ఆ కత్తి లాగేసుకుని, దాన్ని తీసుకెళ్ళి అమ్మేస్తాడు. ఈ ఘట్టం చూస్తే దైవదత్తమైన ప్రతిభ అంటే ఏమిటో కొంచెం ఆలోచించాల్సి వస్తుంది. కత్తి తీసేస్తే మిత్సురుగిలో ఏం మిగిలింది? పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, సరైన సంవత్సరంలో దొరికిన ఉద్యోగం తీసేస్తే మనలో మిగిలేదెంత?

శత్రువుల్ని చూపించిన తీరు కూడా ఈ ధోరణిలోనే సాగుతుంది. బెల్డియా అనే తలలేని రాక్షస సేనాపతి మొదటిసారి ఊరి మీదకి వచ్చేది దండయాత్రకి కాదు. రోజూ ఎవరో తన కోట మీద పేలుడు మంత్రం వేసి వెళ్తున్నారని, ఇదేం మర్యాదని ఫిర్యాదు చేయడానికి. మెగుమిన్ ఆ పాడుబడ్డ కోటలో ఎవరూ లేరనుకుని రోజూ సాధన చేస్తోంది మరి. విజ్ అనే ప్రేతమాంత్రికురాలు ఊళ్ళో కొట్టు పెట్టుకుని ఎప్పుడూ నష్టాల్లోనే ఉంటుంది. వానిర్ అనే ఇంకో సేనాపతి ఓడిపోయాక వచ్చి ఆ కొట్లోనే పనికి చేరతాడు. దేశాల్ని తొక్కేసిన నడిచే మహాదుర్గం ఒకటుంది. దాన్ని కట్టిన ఇంజనీరు డైరీ దొరికితే, నమూనా ఎక్కడని పైవాళ్ళు తొందరపెడుతుంటే, కాగితం మీద పాకిన సాలీడుని కొట్టి, ఆ మరకతోనే కాగితం ఇచ్చేశానని, అదే అద్భుతమైన నమూనా అని వాళ్ళు మెచ్చుకున్నారని రాసి ఉంటుంది. గడువు ముంచుకొచ్చినప్పుడు తయారయ్యే డిజైన్ల గురించి ఇంతకంటే నిజమైన మాట నేను ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ చదవలేదు.

బొమ్మల పనితనం గురించి ఒక మాట. మొదటి రెండు విడతల్లో గీతలు నున్నగా ఉండవు. కోపం వస్తే ముఖం సాగిపోతుంది, ఏడిస్తే నోరు ముఖమంతా ఆక్రమిస్తుంది. ఇది గీయడం చేతకాక కాదు. అందంగా గీసిన దేవత ముఖం ఏడుపులో వికారంగా మారడమే ఇక్కడ హాస్యానికి ఆయువుపట్టు. ఆక్వాకి గొంతు ఇచ్చిన సోరా అమామియా ఏడుపుని జపాను భాషలోనే వినాలి. అది చూస్తుంటే నాకు మన పల్లెనాటకాల్లో ఏడుపుని నవ్వుగా మార్చే హాస్యగాళ్ళు గుర్తొచ్చారు.

లోపాలు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కజుమా దొంగవిద్య మొదటిసారి ఆడవాళ్ళ లోదుస్తుల మీద ప్రయోగమవుతుంది, ఆ జోకు తరవాత కూడా మళ్ళీ మళ్ళీ వస్తుంది. డార్క్‌నెస్ దెబ్బలు కోరుకోవడంలో ఉన్న లైంగిక ధ్వనిని రచయిత అదేపనిగా సాగదీస్తాడు. చిన్నపిల్లలకి ఇది తగదు, పెద్దపిల్లలతో చూసినా మధ్యలో గొంతు సవరించుకోవలసి వస్తుంది. ఇది సంప్రదాయానికి సంబంధించిన అభ్యంతరమే అనుకోనక్కర్లేదు. ఆ తరహా కథల ప్రతి నియమాన్నీ తిరగేసిన రచయిత, ఆడపాత్రల్ని కంటికింపుగా చూపించే నియమాన్ని మాత్రం అలాగే ఉంచుకున్నాడు. కత్తి మహిమని వెక్కిరించగలిగినవాడు ఈ అలవాటుని కూడా వెక్కిరించగలడు. అతనికి ఆ అవసరం కనిపించలేదు. ఇంకో లోపం, ఎవరూ మారరు కాబట్టి జోకులు కూడా మారవు. అన్ని భాగాలూ వరసపెట్టి చూస్తే పేలుడు ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోతుంది.

ఈ రెండో లోపంలోనే ఒక సుగుణం కూడా ఉంది. ఎవరూ మారకపోయినా ఎవరూ ఎవర్నీ వదిలిపెట్టరు. రోజంతా తిట్టుకుని సాయంత్రానికి ఒకే బల్ల దగ్గర అన్నం తింటారు. మన సోషియో ఫాంటసీ పెళ్ళితోనో, తల్లి కన్నీళ్ళతోనో ముగుస్తుంది. ఇక్కడ అలాంటి ముగింపు లేదు, అద్దెలు అప్పులు పంచుకునే నలుగురు ఉన్నారు. అమెరికా వచ్చిన కొత్తలో నలుగురైదుగురు కుర్రాళ్ళు ఒకే అపార్టుమెంట్లో వంతులవారీగా వంట చేసుకున్న రోజులు తెలిసినవాళ్ళకి ఆ బల్ల ఎక్కడిదో తెలుసు.

మనం పిల్లలకి చెప్పే వలస కథ మామూలు ఇసెకాయ్ కథలాగే ఉంటుంది. రెండు సూట్‌కేసులు, జేబులో కొన్ని డాలర్లు, బుర్రలో ఇంజనీరింగు. అంతే, ఇక ఓటమి లేదు. అందులో గోడ కట్టిన రోజులు ఉండవు. అంతకంటే ముఖ్యంగా, ఆక్వా ఉండదు. ఇటువైపు వేలు చూపించి 'నాతో ఇది తీసుకెళ్తాను' అంటే వచ్చినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది! ఊళ్ళో లెక్చరరు, బ్యాంకు ఆఫీసరు, డాక్టరు అయిన మనుషులు హెచ్-4 వీసా మీద ఇక్కడ దిగి, పేరు రాయించుకోవడానికే అర్హత లేదని తెలుసుకున్నారు. 2015 మేలో, అదీ గ్రీన్ కార్డు పని ఒక దశ దాటినవాళ్ళ భార్యాభర్తలకి మాత్రమే, ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చింది. అప్పటిదాకా వాళ్ళ విద్య అబద్ధం కాలేదు, ఈ లోకానికి అది అక్కర్లేకపోయింది.

ఆక్వా విషయంలో కథ చాలా నిజాయితీగా ఉన్నది ఇక్కడే. ఆవిడ దైవత్వం వేషం కాదు. చెరువు నీళ్ళని శుద్ధి చేస్తుంది, శ్మశానంలో తిరిగే ఆత్మలకి శాంతి ఇస్తుంది, కజుమా చచ్చిపోతే బతికిస్తుంది. ఇంతా చేస్తే అతను మర్నాడు మళ్ళీ పనికిమాలిన దేవత అంటాడు. మనమూ అతనితో కలిసి నవ్వుతాం, కథ అతని గొంతుతో నడుస్తుంది కాబట్టి. ఒకసారి ఆక్వా వైపు నుంచి చూస్తే మాత్రం ఆ నవ్వు గొంతులో కాస్త అడ్డుపడుతుంది. నిందాస్తుతిలో నింద వెనక స్తుతి ఉందని అందరికీ తెలుసు, భక్తుడికీ దేవుడికీ కూడా. కజుమా నిందలో ఆ స్తుతి వెతికి పట్టుకోవడం చూసేవాళ్ళకి వదిలిపెట్టారు. మన ఇళ్ళల్లో కూడా దాన్ని చాలాకాలం పిల్లలకే వదిలిపెట్టాం. కొంతమంది పిల్లలు పట్టుకున్నారు కూడా.

చూడదలచుకున్నవాళ్ళు 2016 నాటి మొదటి విడత చూస్తే చాలు. భాగానికి పాతిక నిమిషాలైనా లేదు, ఒక శనివారం సాయంత్రం సరిపోతుంది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ గోడ కట్టే దృశ్యం వచ్చినప్పుడు ఆపి, మీ ఇంట్లో గోడ కట్టినదెవరో, గుర్రాలశాలలో పడుకున్నదెవరో, ఎవరి వైపు ఎవరు వేలు చూపించారో చెప్పండి. రెండు సూట్‌కేసుల కథ కంటే అది వాళ్ళకి ఎక్కువ కాలం గుర్తుంటుంది.